గోవిందమ్మ చూపిన బాయి

లాడ్లీ బేగం కడవ పగిలిన చప్పుడు గోవిందమ్మకు ముందు వినబడింది. మనిషి పడిపోవడం ఆ తర్వాత కనబడింది. బొగ్గుబాయి పంపు నుంచి దొర పొలాలకు పారే కాలువ గట్టు మీద, ఏడు నెలల కడుపుతో ఉన్న ఆడమనిషి పక్కకు ఒరిగి పడి ఉంది. దొర గుమాస్తా కట్టె ఎత్తి ఆమె మీదికి వంగాడు.

"దొర కాలువల కడవ ముంచుతవా? ఎవడిచ్చిండే నీకు హుకుం?"

"తాగనీకె సాబ్. ఒక్క కడవనే," అన్నది లాడ్లీ బేగం, కడుపుకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"తాగనీకె ఊరికి జాలు లేదా? గాడికి పో!"

జాలు అంటే గుట్ట కింద రాతి సందులోంచి ఊరే ఊట. తాతల నాటి నుంచి చెలిమెలగూడేనికి తాగే నీళ్ళు అవే. అది ఎండిపోయి నాలుగు నెలలైందని ఆ గుమాస్తాకు తెలుసు. తెలిసే అడిగాడు. పేదవాళ్ళ దప్పికతో పరాచికాలాడడం గడీ మనుషులకు అలవాటు.

పోనీ కాలువలో పారేది అమృతమా? నల్లటి నీళ్ళు, పుల్లటి వాసన. వడబోస్తే గుడ్డ మీద మసి మిగిలేది. ఆ నీళ్ళకు కూడా కాపలా! గోవిందమ్మ లాడ్లీ చంక కింద చెయ్యి వేసి లేపింది, పెంకులు గుచ్చుకోకుండా నడిపించుకుపోయింది. గుమాస్తాను ఒక్క మాటా అనలేదు. అనడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ బాయికి జాగా చూపింది ఆమే.

ఎట్లా చూపిందో చెప్పాలి. పట్నంలో చదువుకునే పిల్లలకు ఇది వింతగా ఉండవచ్చు. రెక్కలు ముక్కలు చేసుకుని బతికేవాళ్ళకు వింతేమీ కాదు.

గోవిందమ్మ భర్త మల్లయ్య ఊరి నీరడి. చెరువు తూము తీయడం, ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూడడం అతని పని. ఊరందరికీ నీళ్ళు పంచేది మాలవాడి చెయ్యే. ఆ చెయ్యి ఊరబాయి గిలకను మాత్రం తాకకూడదు. అదీ న్యాయం! మల్లయ్యకు తూముల సంగతి తెలిస్తే గోవిందమ్మకు ఊటల సంగతి తెలుసు. ఎండాకాలంలో ఏ చోట గడ్డి పచ్చగా ఉంటుందో చూసి నీళ్ళు చెప్పేది.

మూడేళ్ళ కింద రఘుపతిరావు దొర ఆమెను గడీకి పిలిపించాడు. పుట్టి బుద్ధెరిగాక దొర ఆమెతో నవ్వుతూ మాట్లాడడం అదే మొదటిసారి.

"ఊళ్ళె బాయి తవ్విద్దామనుకుంటున్న గోవిందీ. జాలుకు ఎగువన నల్లమన్ను ఎల్తదట కద. గాడ ఊట మస్తుంటదట. ఆ జాగ జర చూపియ్యి."

"నీ బాంచెన్ దొరా, నీ కడుపు సల్లగుండ," అని ఆమె కాళ్ళకు మొక్కింది. ఆ పూటే గుట్టెక్కి, తడిసిన నల్లమన్ను ఎక్కడ పైకి తేలుతుందో కాలితో గీసి చూపింది. పట్వారి ఉర్దూ కాగితం తెచ్చాడు. "ఊరోళ్ళ రాజీతోటి, అందరి ఇష్టంతోటి, ఊరుమ్మడి గైరాను భూమిల బాయి తవ్వుతున్నం. గంతే, ఇంకేం లేదు," అని చదివినట్టు చెప్పాడు. ఉర్దూ చదవగలిగిన దూదేకుల లియాఖత్ అలీ ఆ రోజు ఊళ్ళో లేడు, దూది ఏకడానికి కేతేపల్లి పోయాడు. మొదటి వేలిముద్ర గోవిందమ్మది. ఆమెను చూసి నలభై మంది వేశారు.

మన తెలంగాణలో నీళ్ళు తోడేదీ బాయే, బొగ్గు తవ్వేదీ బాయే. మాట ఒకటే. ఆ ఒక్క మాటతో దొర ఒక ఊరి గొంతు కోశాడు. హైదరాబాదు నుంచి గుత్తదారు వచ్చాడు, బాయిలరు వచ్చింది, పంపు వచ్చింది. ఇంటికొకరు వెట్టికి దిగి తవ్వారు. నలభై బారల లోతున ఒకనాడు ఊట తెగి లోపలికి విరుచుకుపడింది. మల్లయ్య, మరి ఇద్దరు పైకి రాలేదు. గోవిందమ్మ గడీ ముందు నేలమీద పడి ఏడుస్తుంటే దొర అరుగు మీద నుంచి ఒకే మాట అన్నాడు.

"ఊట చూపింది నువ్వే కదనే."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది, మళ్ళీ ఊడి రాలేదు.

మల్లయ్య తూము లోతు చూసే తాడు ఇంట్లో మిగిలింది. మర్నాటి నుంచి గోవిందమ్మ రోజూ పొద్దున్నే ఆ తాడుకు రాయి కట్టి మాలవాడ బాయిలో వదిలేది. తాడు ఎక్కడ తడవడం మొదలైతే అక్కడ ఒక పేలిక కట్టేది. గట్టు నుంచి ఆ పేలిక దాకా జానలతో కొలిచేది. మొదటి రోజు ఎనిమిది జానలు. నెలకొక రంగు పేలిక. చూసినవాళ్ళు మొగుడు పోయి మతి చలించిందనుకున్నారు. ఆమె మరిది ఏసోబు మాత్రం అడిగాడు.

"ఎందుకు వదినె గీ కొలుసుడు?"

"ఎంత పోగొట్టిన్నో తెల్వాలె కదరా."

ఏసోబు ఉత్తరాన పెద్ద బొగ్గుబాయిల్లో పనిచేసి వచ్చినవాడు. ఇక్కడ బాయిలరు మండించి పంపు నడిపేది అతనే. కడుపు కోసం నడిపేవాడు. ఆ మాటకు అతను తల దించుకున్నాడు.

లాడ్లీ కడవ పగిలిన నాటికి తాడు ఇరవై రెండు జానలకు దిగింది. ఢిల్లీలో జెండా ఎగిరి మూడు నెలలైంది, చెలిమెలగూడెంలో మనిషికి రోజుకు ఒక్క ముంత నీళ్ళు. "వానలు లేవు. దేవుని కోపానికి నేనేం జేద్దు?" అన్నాడు దొర. వానలు తక్కువైన మాట నిజమే గనుక ఊరు నమ్మింది.

ఇంతలో పీర్ల పండుగ వచ్చింది. పీర్ల చావడికి పెద్ద లియాఖత్ అలీయే, లాడ్లీ భర్త. ఏసుప్రభువుకు ప్రార్థన చేసే ఏసోబు ఏటా ఒక పీరును ఎత్తుకునేవాడు. ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ వింతగా చూడరు. గుత్తదారు పండుగకు పట్నం పోయాడు. మూడు రోజులు బాయిలరు చల్లబడింది. పదో రోజు పొద్దున పీర్లను కడగడానికి జాలు కాడికి తీసుకుపోయారు. రాయి ఎండి ఉంటుందని ఇంటింటా గుక్కెడు అడిగి రెండు కడవలు నింపి వెంట తెచ్చుకున్నారు.

రాతి సందులో తడి ఉంది. తడి కాదు, సన్నటి ధార!

"పీరు మహిమ!" అని ఎవరో కేక పెట్టారు. జనం నేలమీద సాగిలపడ్డారు. రెండు మోటల రైతు వెంకటయ్య మేకపోతును మొక్కుకున్నాడు. ఆడవాళ్ళు ఆ తడిని చేత్తో రాసుకుని పిల్లల నాలుకలకు అద్దారు. గోవిందమ్మ ఒక్కతే వెనక్కి తిరిగి మాలవాడ బాయి దాకా పరుగెత్తింది. తాడు వదిలింది. పైకి తీసి మూడుసార్లు కొలిచింది. పంతొమ్మిది జానలు.

తడి తాడుతోనే తిరిగి వచ్చి జనం మధ్య నిలబడింది.

"ఏసోబూ, పంపు ఆపి ఎన్ని దినాలాయె?"

"మూడు దినాలు వదినె."

"మూడు దినాలల్ల మూడు జానలు లేసినయ్ నీళ్ళు. వాన పడ్డదా? సుక్క పడలే. మహిమ కాదు, పంపు ఆగింది!"

వెంకటయ్య మండిపడ్డాడు. "పండుగపూట పీరును తక్కువ జేస్తవానే? నీ తాడెంత, నువ్వెంత?"

అందరూ లియాఖత్ వైపు చూశారు. పీరు అతని చేతిలో ఉంది. కాదంటే అతని చావడికే చేటు.

"పీరు నీళ్ళిస్తే నేనొద్దంటనా?" అన్నాడు లియాఖత్. "రేపు పంపు నడుస్తది. నీళ్ళు నిలిస్తే పీరు దయ. పోతే గోవిందక్క మాటే నిజం. ఎవరి బాయిల వాళ్ళు తాడేసి సూడుండ్రి."

నాలుగు రోజుల్లో నీళ్ళు మళ్ళీ ఇరవై రెండుకు పోయాయి. ఏసోబు పంపు చెడిందని చెప్పి రెండు రోజులు ఆపాడు. మళ్ళీ రెండు జానలు లేచాయి. అప్పుడు వెంకటయ్య కూడా చావడికి వచ్చి ఒక మూలన కూర్చున్నాడు. దొరను ఎదిరించే సంగం పెట్టాలన్నారు, అన్ని బాయిలూ రోజూ కొలవాలన్నారు. అక్కడ వెంకటయ్యకు అడ్డం పడింది.

"అన్నీ మంచిగనే ఉన్నయ్. గని మాలోళ్ళ తాడు నా బాయిల దిగితే మైల పడదా?"

"నీ బాయిల నీళ్ళేమన్న మిగిలితే కద పటేలా, మైల పడేది?" అన్నది గోవిందమ్మ.

చావడి గొల్లుమంది. ఆ నవ్వులో వెంకటయ్య మొహం ముందు ఎర్రబడింది, తర్వాత అతనూ నవ్వాడు. మర్నాడు తన బాయి గట్టు మీద ఆమె నిలబడి తాడు వదులుతుంటే పక్కన నిలబడి జానలు లెక్కపెట్టాడు. అట్లా ఊళ్ళో ఏడు బాయిలకు ఏడు తాళ్ళు పుట్టాయి. ఎక్కడ ఎంత తగ్గిందో పొద్దున్నే ఆడవాళ్ళు గట్ల మీద నుంచి ఒకరికొకరు కేకేసి చెప్పుకునేవారు.

వారం తిరిగేసరికి అరవై మంది బొగ్గుబాయి దిగడం మానేశారు. ఏసోబు బాయిలరు మంట ఆర్పి గొలుసు వేశాడు. గుమాస్తా కట్టెతో వచ్చాడు, కట్టె లేకుండా పోయాడు. గడీ మనుషులు తుపాకులతో రెండుసార్లు ఊరి మీద పడ్డారు. ఆడవాళ్ళు వడిసెలలు పట్టారు, మొగవాళ్ళు గుట్ట మీద నుంచి బండలు దొర్లించారు. ఇద్దరు చచ్చిపోయారు, పదకొండు ఇళ్ళు కాలిపోయాయి. ఊరి సంగంలో ఉన్నందుకు రజాకార్లు లియాఖత్ దూదేకే విల్లును అతని కళ్ళముందే కాల్చారు. అయినా ఊరు పంపు నడవనివ్వలేదు. చివరికి దొరే పట్నం పారిపోయాడు.

ఎండాకాలం వచ్చింది, జాలు ఆరలేదు. అంతకుముందు చలికాలంలోనే లాడ్లీకి ఆడపిల్ల పుట్టింది, జాహేదా అని పేరు పెట్టారు. ఆ పిల్లకు మొదటి స్నానం జాలు నీళ్ళతో పోసింది గోవిందమ్మే. తాడు తొమ్మిది జానల మీద నిలిచిన రోజున ఆమె బాయి గట్టు మీద కూర్చుని, మల్లయ్య పోయినప్పుడు దొర మాటతో సగంలో ఆగిపోయిన ఏడుపంతా ఏడ్చింది.

ఇక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండును!

ఆశ్వయుజంలోకి అడుగుపెట్టకముందే నిజాం రాజ్యం కూలిపోయింది. ఊరు డప్పు కొట్టి చిందులేసింది. మంచి రోజులొచ్చాయని ఎవరు మాత్రం అనుకోలేదు? నెల తిరిగింది. పటాలం జీపులో దొర దిగాడు. రాజ్యం మారేసరికి దొర నెత్తి మీది రుమాలు పోయి తెల్లటోపీ వచ్చింది. మారింది అంతే. గడీలో పటాలం క్యాంపు పెట్టారు. ఐదు రోజులు ఏసోబు వీపుకు తుపాకీ మొన ఆనించి పంపు నడిపించారు. తాడు పద్నాలుగు జానలకు దిగింది.

"కొత్త సర్కారుకు తెల్వక జేస్తున్నరు. సూపిస్తే వింటరు," అన్నది గోవిందమ్మ. పేలికలన్నీ ఉన్న తాడు భుజానికి చుట్టుకుని, లియాఖత్‌ను తోడు తీసుకుని గడీకి పోయింది. వెనక ఊరంతా నడిచింది.

పటాలం అధికారి హిందీలో అడిగాడు. పట్వారి తెలుగులోకి తిప్పాడు. "తాడెందుకు తెచ్చినవని అడుగుతున్నరు."

"సాబ్, ఎర్రపేలిక నేను కొలుసుడు మొదలువెట్టినప్పటిది, నీళ్ళు దిగకముందుది. గీ నల్లపేలిక పంపు నడిచినప్పటిది. గిదిగో, ఆపినంక ఇంత మీదికొచ్చింది. మీరే కొలుసుకోండ్రి. నీళ్ళు గుంజుకునేది వాన కాదు, పంపు."

పట్వారి దొర మొహం చూశాడు. అధికారి వైపు తిరిగి చెప్పిన మాట విని లియాఖత్ అదిరిపడ్డాడు. దొరను ఉరితీయడానికి సంగం తాడు పంపిందని, ఒక్కో పేలిక ఉరితీయబోయే ఒక్కో మనిషి గుర్తని చెప్పాడు ఆ పట్వారి.

"ఝూట్ సాబ్! అబద్ధం! అది నీళ్ళు కొలిచే తాడు!" అని లియాఖత్ ఉర్దూలో అరిచాడు.

అధికారి అతని పేరు అడిగాడు. అతను చెప్పాడు. "రజాకారు," అన్నాడు పట్వారి నెమ్మదిగా. ఇక ఏ విచారణా అక్కరలేకపోయింది. ఎవరు కాల్చిన విల్లు ఎవరిదో అడిగేవాడు లేడు. లియాఖత్‌ను అక్కడే కట్టేశారు, తాడు లాక్కున్నారు. తుపాకీ మడమలతో జనాన్ని గడీ వాకిలి నుంచి తరిమారు.

ఈ సంగతి బాయిలరు కాడ ఉన్న ఏసోబుకు తెలిసింది. అతను బొగ్గు వేసే పార పక్కన పెట్టాడు. బాయిలరు కింది తూము తిప్పాడు. కాగే నీళ్ళన్నీ బుస్సుమని మంట మీద పడి ఆవిరి కమ్మేసింది. ఆ పొగలోంచి నడుచుకుంటూ బయటికొచ్చాడు. పారిపోలేదు.

"ఆన్ కరో!" అని అరిచాడు జవాను.

"నేను నడప," అన్నాడు ఏసోబు. "మా అన్న గిండ్లనే ఉన్నడు. ఊరి నీళ్ళు గిండ్లనే ఉన్నయ్. నేను నడప."

మిట్టమధ్యాహ్నం, అరవై మంది చూస్తుండగా అతన్ని కాల్చారు. అతను బొగ్గుకుప్ప మీదికి ఒరిగాడు. గోవిందమ్మ చేరేసరికి ఊపిరి ఉంది. నీళ్ళు తాగిస్తే మింగలేకపోయాడు. ఆ నీళ్ళు ఆమె అరచేతిలోనే ఉండిపోయాయి.

మర్నాడు పంపు నడపడానికి మనిషి కావాలన్నారు. ఊరిలో ఒక్కరు కదల్లేదు. చుట్టూ నాలుగు ఊళ్ళలో టాంటాం వేయించారు, ఒక్కరూ రాలేదు. పట్నం నుంచి మనుషుల్ని లారీలో తెప్పిస్తున్నామన్నారు. అంతలో ఇంకో హుకుం: ఊళ్ళో ఏ ఇంట్లోనూ తాడు ఉండకూడదు. ఉరితాళ్ళట! మోటతాడు, బిందెతాడు, పలుపుతాడు ఏదీ వదలకుండా ఎత్తుకుపోయి గడీ ముందు కుప్పేశారు. తాళ్ళకు భయపడిన సర్కారును ఆ ఊరు అప్పుడే చూసింది.

నాలుగో రోజు పొద్దున గోవిందమ్మను పట్టుకుపోయారు. గడీ అరుగు ముందు లియాఖత్ చేతులు కట్టి కూర్చోబెట్టి ఉన్నాడు, పెదవి పగిలి ఉంది. పట్వారి ఆమె ముందు ఉర్దూ కాగితం పెట్టాడు. సిరాదిమ్మె పక్కన పెట్టాడు. దొర అరుగు మీదే ఉన్నాడు, "ఊట చూపింది నువ్వే" అన్న చోటే.

"ఏలెయ్యి. ఇంటికి పంపిస్తరు," అన్నాడు పట్వారి.

"ఏం రాసుంది ఇందుల?"

"ఏముంటదే, నువ్వు మంచిదానివని రాసిన్రు. ఎయ్యి."

గోవిందమ్మ కాగితం అందుకుని తిప్పి లియాఖత్ మొహం ముందు పట్టింది. "అన్నా, సదువు. ఆ దినం నువ్వు లేకపోతివి."

ఒకడు అతని నోరు మూయబోయేలోపే అతను చదివేశాడు. "ఏసోబును సంగపోళ్ళే సంపిన్రని ఉందక్కా. బొగ్గుబాయి ఊరందరి రాజీతోనే నడుస్తున్నదని ఉంది."

ఆమె దొర వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో తల ఎత్తి ఆ మొహం చూడడం అదే మొదలు.

"బాయంటే నీళ్ళనుకుని ఒకపారి ఏలేసిన. నా మొగడు పాయె, ఊరు ఎండిపాయె. ఊట నేనే చూపిన్నంటివి గద దొరా? అవు, నేనే చూపిన. దాన్ని మల్ల ఊరికి చూపింది గూడ నేనే." బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. "ఈ ఏలు ఇంక దొరకది నీకు."

ఇద్దరు జవాన్లు పిడికిలి విప్పబోయారు. వేళ్ళు విరిచేలా గుంజారు. ఆమె గొంతు చించుకుని అరిచింది గాని పిడికిలి విడవలేదు. చివరికి విసిగిపోయిన అధికారి చెయ్యి ఊపాడు. కట్టడానికి కుప్పలోంచి చేతికందిన తాడు తీశారు. అది పేలికల తాడే. ఆమె తాడుతోనే ఆమె చేతులు కట్టి, మిగిలిన కొస లియాఖత్ చేతులకు కట్టి, ఊరి చివర ఆపిన క్యాంపు లారీ దాకా ఊరి మధ్య నుంచి నడిపించారు.

వీధిలో మొగవాళ్ళెవరూ కనబడలేదు. గోవిందమ్మ వాకిళ్ళన్నీ వెతుకుతూ నడిచింది. ఊరు భయపడిందా? ఇంత చేసీ ఊరు భయపడిందా? ఆ కొన్ని అడుగులు ఆమె నడిచినట్టు లేదు, ఈడ్చుకుపోతున్నట్టుంది.

వెంకటయ్య బాయి దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద అతని భార్య అరుణమ్మ కనబడింది. ఆమె చేతిలో తాడు లేదు. రెండు చీరలు ముడివేసి, చివర రాయి కట్టి బాయిలోకి వదిలి ఉంది. పటేలు ఇంటి ఆడమనిషి, జవాన్లు చూస్తుండగా, తడి చీర పైకి తీసి జానలతో కొలిచి కేకేసింది.

"నిన్న పదమూడు! ఇయ్యాల పన్నెండు!"

చీరలను తాళ్ళ కిందికి తేవాలో లేదో తెలియక జవాన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మసీదు బాయి గట్టు మీద నుంచి ఇంకో గొంతు. తర్వాత ఇంకోటి. ఏడు బాయిల మీదా ఆడవాళ్ళే. ప్రతి గట్టు మీద చీరలు దిగుతున్నాయి, ప్రతి గట్టు మీద నుంచి లెక్క వినబడుతోంది. నీళ్ళు లేస్తున్నాయి. ఏసోబు ఆపిన పంపు ఇంకా ఆగే ఉంది.

"మరి మొగోళ్ళేరీ?" అని గొణిగింది గోవిందమ్మ.

లియాఖత్ గడ్డంతో గుట్ట వైపు చూపాడు. పట్నం లారీ రావలసిన దారికి అడ్డంగా, బొగ్గుబాయి మలుపు నుంచి చెరువు కట్ట దాకా, జనం నేలమీద కూర్చుని ఉన్నారు. చుట్టూ నాలుగు ఊళ్ళ జనం. ముందు వరుసలో తలకు రుమాలు చుట్టుకుని వెంకటయ్య.

ఆమెను లారీ ఎక్కించారు. కట్టిన చేతులు కదిలించరాకపోయినా వేళ్ళ చివరలకు ఒక పేలిక తగిలింది. ఏ నెలదో చూడకుండానే ఆమెకు తెలుసు, తొమ్మిది జానలది. చివరి బాయి మాలవాడది. దాని గట్టు మీద చంకలో ఏడాది నిండని జాహేదాతో లాడ్లీ బేగం నిలబడి ఉంది. లారీ కదిలింది. ఇంజను మోతను మించి లాడ్లీ అరిచింది.

"పదకొండు, గోవిందక్కా! ఇయ్యాల పదకొండు!"